ఇంక్‌జెట్ ప్రింటరుతో నలుపు తెలుపు ఫోటోలు: నీడల్లో వివరం పోకుండా ప్రింటు తీసే పద్ధతి

రంగుల ఫోటోలో ఆకాశం కాస్త ఎక్కువ నీలంగా వచ్చినా చూసేవారు పట్టించుకోరు. చీర అంచు ఎరుపు ఒక పాలు తగ్గినా, అసలు చీర ఎలా ఉండేదో గుర్తున్నవారు ఆ ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. నలుపు తెలుపు ఫోటోకు ఈ వెసులుబాటు లేదు. బూడిద రంగులో ఆకుపచ్చ ఛాయ లేశమాత్రం కలిసినా, ఫోటోగ్రఫీ గురించి ఏమీ తెలియని మనిషి కూడా నాచు పట్టినట్టుందని చెప్పేస్తాడు. ఒడిశాలోని బరంపురంలో మా స్టూడియోకు వచ్చే తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది నలుపు తెలుపు ప్రింటు అడిగేది ఒకే సందర్భంలో: ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు, పెద్దకర్మ నాటికి దండ వేసి పెట్టడానికి పటం కావాలి. వారి దగ్గర ఉన్నది ఏ 1960ల నాటి చిన్న ప్రింటో, ఎవరి పెళ్లిలోనో సెల్‌ఫోనుతో తీసిన రంగుల ఫోటోయో అవుతుంది. వ్యవధి నాలుగైదు రోజులకు మించదు. ఈ ఇబ్బందుల మధ్య కాగితం దండగ చేయకుండా, నమ్మకంగా మంచి ప్రింటు తీయడానికి నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చిన్న స్టూడియో నడుపుకునేవారినీ, ఇంట్లో ప్రింటరు పెట్టుకుని సొంతంగా ప్రయత్నించేవారినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బూడిద రంగు ఎలా పుడుతుంది

ఇంక్‌జెట్ ప్రింటరులో తెల్ల సిరా ఉండదు; ఫోటోలో కనిపించే తెలుపంతా కాగితానిదే. లేత బూడిద రంగు కావాలంటే ప్రింటరు నల్ల సిరా చుక్కలను దూరదూరంగా చల్లుతుంది, ముదురు కావాలంటే దగ్గరదగ్గరగా చల్లుతుంది. నల్ల సిరా ఒక్కటే ఉన్నప్పుడు లేత భాగాల్లో, అంటే చెంప మీద వెలుగు పడినచోటో తెల్ల చీర మడతల్లోనో, ఆ చుక్కలు విడివిడిగా కంటికి తగిలి ముఖం మీద ఇసుక రాలినట్టు కనిపిస్తుంది. ఈ గరుకుతనం పోగొట్టడానికి మామూలు నాలుగు రంగుల ప్రింటర్లు లేత భాగాలను నీలి, గులాబీ, పసుపు సిరాలు కలిపి నింపుతాయి. అప్పుడు గరుకుతనం తగ్గుతుంది కానీ, ఆ మూడు సిరాల పాళ్లలో ఏమాత్రం తేడా వచ్చినా బూడిద రంగు ఏదో ఒక వైపు ఒరుగుతుంది.

అసలైన పరిష్కారం బూడిద రంగు సిరాలనే విడిగా ప్రింటరులో పెట్టడం. ఎప్సన్ సంస్థ 2005లో ముదురు నలుపు, లేత నలుపు, మరింత లేత నలుపు అనే మూడు మెట్ల సిరాలతో ప్రింటర్లు తెచ్చిన తరువాత, ఇంట్లో బల్ల మీద పెట్టుకునే యంత్రంతోనూ డార్క్‌రూమ్ ప్రింటుతో పోల్చదగిన పని సాధ్యమైంది. ఇప్పుడు ఎప్సన్ పీ 700, పీ 900 వంటి పది సిరాల ప్రింటర్లలో రెండు బూడిద సిరాలు ఉంటాయి; కానన్ ప్రో వరుసలోనూ బూడిద సిరా ఉంటుంది. అంత పెట్టుబడి పెట్టలేనివారికి సిరా ట్యాంకు ప్రింటర్లలో ఎప్సన్ ఎల్ 8180 వంటివి మధ్యేమార్గం, ఎందుకంటే వాటి ఆరు సిరాల్లో ఒకటి బూడిద రంగుది. మన ప్రాంతపు స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ఎల్ 805, ఎల్ 1800 రకాల్లోనూ ఆరు సిరాలు ఉన్నప్పటికీ, అదనంగా ఉన్న రెండూ లేత నీలి, లేత గులాబీ మాత్రమే. వాటితోనూ పని జరుగుతుంది, అయితే రంగు ఛాయను సరిదిద్దే శ్రమ మీ మీద పడుతుంది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. కొన్ని ఆఫీసు ప్రింటర్లలో నల్ల సిరా పిగ్మెంటు రకం, అంటే రంగు సన్నటి పొడిగా ద్రవంలో తేలేది; మిగిలిన మూడూ డై రకం, అంటే రంగు ద్రవంలో కరిగి ఉండేది. అటువంటి ప్రింటరులో గ్లాసీ పేపర్ ఎంచుకున్నారంటే, పిగ్మెంటు నలుపు ఆ నున్నటి పూత మీద సరిగా పట్టదు కాబట్టి, డ్రైవరు, అంటే కంప్యూటరు నుంచి ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు, నల్ల సిరాను పక్కనపెట్టి మూడు రంగులతోనే నలుపు తయారుచేస్తుంది. నల్ల సిరా ట్యాంకు నిండుగా ఉన్నా ఫోటోలో నలుపు గోధుమ రంగులోనో ఊదాగానో రావడానికి తరచుగా ఇదే కారణం.

కాగితం ఎంత నలుపును మోయగలదు

నలుపు తెలుపు ప్రింటు గట్టితనమంతా కాగితం మీద వచ్చే అతి ముదురు నలుపు మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని సాంద్రత అనే అంకెతో కొలుస్తారు. మంచి గ్లాసీ కాగితం మీద, లేదా డార్క్‌రూమ్ కాగితాన్ని పోలిన బరైటా రకం మీద ఈ అంకె 2.3 దాకా వస్తుంది. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద 1.6 దగ్గరో 1.7 దగ్గరో ఆగిపోతుంది. ఇది లాగరిథమ్ లెక్క కాబట్టి తేడా చిన్నదిగా కనిపించినా నిజానికి పెద్దది: 2.3 సాంద్రత ఉన్న నలుపు తన మీద పడిన వెలుగులో అర శాతాన్ని తిప్పి పంపితే, 1.6 సాంద్రత ఉన్న నలుపు రెండున్నర శాతాన్ని తిప్పి పంపుతుంది. అంటే మ్యాట్ కాగితపు నలుపు గ్లాసీ నలుపు కంటే అయిదు రెట్లు వెలుతురుగా ఉంటుంది.

అయినా పటం కట్టి గోడకు పెట్టే ఫోటోకు నేను చాలాసార్లు మ్యాట్‌నే ఎంచుకుంటాను. అద్దం వెనుక పెట్టిన గ్లాసీ ప్రింటుకు రెండు మెరుపులు ఉంటాయి, అద్దానిది ఒకటి, కాగితానిది ఒకటి. దీపం వెలిగించి ఎదురుగా నిలబడితే ముఖం కంటే మెరుపే ఎక్కువ కనిపిస్తుంది. ఆల్బంలో పెట్టి చేత్తో పట్టుకుని చూసే ఫోటోకు మాత్రం గ్లాసీ లేదా బరైటా రకం మేలు. మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్, మెరిసే కాగితానికి ఫోటో బ్లాక్ అని రెండు వేర్వేరు నల్ల సిరాలు ఉన్న ప్రింటర్లలో, డ్రైవరులో మీరు ఎంచుకునే కాగితం పేరును బట్టే ఏ నలుపు వాడాలో నిర్ణయమవుతుంది. కాబట్టి ఆ పేరు తప్పుగా ఎంచుకుంటే, మిగిలిన పనంతా సరిగ్గా చేసినా నలుపు వెలిసిపోయినట్టే వస్తుంది.

స్టేషనరీ దుకాణాల్లో దొరికే చవక 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల) గ్లాసీ కాగితం డై సిరాకు పరవాలేదు. పిగ్మెంటు సిరా దాని మీద వేలితో రుద్దితే ఊడివచ్చే ప్రమాదం ఉంది. నూలు గుజ్జుతో చేసిన 300 జీఎస్ఎం ఆర్ట్ పేపర్లను మేము విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకుంటాం. ఏ కాగితమైనా కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. దుకాణంలో నకిలీ నోట్లు పట్టడానికి వాడే ఊదారంగు దీపం కింద కాగితం పెట్టండి. అది నీలంగా ధగధగ మెరిస్తే దానిలో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు ఎక్కువ ఉన్నట్టు. ఆ రసాయనాల శక్తి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గి, కాగితం పసుపుపచ్చగా మారుతుంది. పది కాలాల పాటు ఉండవలసిన పటానికి, మొదటి రోజు అంత తెల్లగా కనిపించకపోయినా, ఆ దీపం కింద మెరవని కాగితమే వాడండి. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే వేలి కొస తడి చేసి కాగితం మూల మీద ఆనించండి; కాస్త జిగురుగా పట్టుకునే వైపే ప్రింటు తీయాలి.

మొదట మెట్ల పట్టీ, తరువాతే ఫోటో

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవడానికి మీకు తీరిక ఉంటే దీన్నే చదవండి. మీ ప్రింటరు, మీ సిరా, మీ కాగితం కలిసి ఎన్ని బూడిద మెట్లను విడివిడిగా చూపగలవో తెలియకుండా ఫోటోను సరిదిద్దుతూ కూర్చోవడం వృథా ప్రయాస. అందువల్ల కొత్త కాగితం కట్ట విప్పిన ప్రతిసారీ మొదటి షీటు మెట్ల పట్టీకే కేటాయించాలి.

ఫోటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే జింప్‌లో గానీ, తెలుపు నుంచి నలుపు దాకా అయిదేసి శాతం తేడాతో 21 గళ్లు గీయండి. దాని కింద రెండో వరుసలో కేవలం చీకటి గళ్లే పెట్టండి: 0 నుంచి 255 దాకా ఉండే కొలమానంలో 0, 3, 6, 9 అనుకుంటూ 36 దాకా. మూడో వరుసలో వెలుతురు గళ్లు పెట్టండి: 240 నుంచి 255 దాకా ఒక్కొక్క అంకె చొప్పున. గళ్ల మధ్య ఖాళీ ఉండకూడదు; పక్కపక్కనే ఆనుకుని ఉంటేనే కన్ను తేడా పట్టగలుగుతుంది. ఫోటోకు ఏ సెట్టింగులు వాడబోతున్నారో సరిగ్గా ఆ సెట్టింగులతోనే దీన్ని ప్రింటు తీసి, కనీసం ఒక గంట ఆరనివ్వండి. తడి మీద ఉన్న నలుపు, ఆరిన నలుపు ఒకేలా ఉండవు, ముఖ్యంగా మ్యాట్ కాగితం మీద.

తరువాత వసారాలోకి తీసుకెళ్లి, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో చూడండి. రెండో వరుసలో ఎడమ చివర నుంచి ఎన్ని గళ్లు కలిసిపోయి ఒకే నలుపు ముద్దగా కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. నేను ఎక్కువగా వాడే మ్యాట్ కాగితం మీద 18 దాకా అన్నీ ఒకటే నలుపు. 21 దగ్గర మొదటి తేడా కనిపిస్తుంది. దీని అర్థం, నా ఫోటోలో 18 కంటే తక్కువ విలువ ఉన్న ప్రతి వివరమూ, అది తాతగారి జుట్టులోని పాయ అయినా, నల్ల కోటు మీది గుండీ అయినా, కాగితం మీదికి రాకముందే పోయినట్టే. ఈ అంకె తెలిసిన తరువాత పరిష్కారం సులభం. వెలుతురును వంపు గీతతో దిద్దే కర్వ్స్ సాధనంలో నీడల కొసను పైకి లేపి, ఫోటోలోని అతి ముదురు బిందువు 18 దగ్గర పడేలా, నీడల్లోని మిగతా మెట్లు దాని పైన విడివిడిగా నిలిచేలా వంపు దిద్దాలి. మధ్యస్థ బూడిదలు కదలకుండా అక్కడొక బిందువు పెట్టి ఆపాలి. ఫోటోలో నలుపు పోతుందేమోనని భయపడనవసరం లేదు, ఎందుకంటే ఆ కాగితం మీద 18 వచ్చినా 0 వచ్చినా అదే పూర్తి నలుపు.

మూడో వరుస కూడా ఇదే రీతిలో చెప్తుంది. 252, 255 మధ్య తేడా కంటికి కనిపించకపోతే, తెల్ల చీర అతి వెలుతురు మడతను 250 దగ్గర ఆపండి. అక్కడ ఒక్క చుక్క సిరా అయినా పడకపోతే, బట్ట ఉన్నచోట కాగితానికి చిల్లు పడినట్టు కనిపిస్తుంది.

మొదటి వరుస 21 గళ్లలో మెట్లు సమానంగా దిగుతున్నాయా, లేక ఎక్కడైనా ఒక్కసారిగా జారుతున్నాయా అన్నది చూడాలి. ఎక్కువ ప్రింటర్లలో 70, 80 శాతం దగ్గర మెట్లు దగ్గరపడిపోతాయి. దీన్ని పూర్తిగా సరిచేయాలంటే స్పెక్ట్రోఫోటోమీటరు అనే పరికరంతో ప్రతి గడినీ కొలిచి, క్వాడ్‌టోన్ రిప్ వంటి సాఫ్ట్‌వేరుతో ఒక్కొక్క సిరా ఎంత పడాలో నేరుగా నిర్దేశించవచ్చు. రాయ్ హారింగ్టన్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేరు ప్రధానంగా ఎప్సన్ ప్రింటర్ల కోసం తయారైంది. దాని జోలికి వెళ్లనివారు కర్వ్స్‌లో ఆ ప్రాంతాన్ని కాస్త సాగదీసి, రెండోసారి పట్టీ తీసి చూసుకుంటే ఇంటి అవసరాలకు సరిపోతుంది. నా లెక్కలో రెండు షీట్లు పట్టీలకు పోతే, తరువాత పది షీట్లు మిగులుతాయి.

తెర చెప్పే అబద్ధం

ప్రింటు చీకటిగా వచ్చిందనే ఫిర్యాదుకు పదింట తొమ్మిదిసార్లు మూలం ప్రింటరులో ఉండదు. ల్యాప్‌టాప్ తెర మరీ ప్రకాశవంతంగా ఉంటుంది. ప్రింటు పని కోసం తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలంటారు. కొలిచే పరికరం లేకపోతే, ప్రింటు తీసే తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, గదిలోని వెలుతురులో రెండూ దాదాపు ఒకే తెలుపుగా అనిపించేదాకా తెర వెలుగును తగ్గించండి. మొదట కళ్లకు మసకగా అనిపిస్తుంది, పావుగంటలో అలవాటవుతుంది.

రంగుల ఫోటోను నలుపు తెలుపుగా మార్చేటప్పుడు

రంగు తీసేసే ఒక్క బటన్ నొక్కి ఊరుకుంటే వచ్చే ఫలితం చాలాసార్లు చప్పగా ఉంటుంది. రంగుల ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలు ఉంటాయి. చానల్ మిక్సరుతో వాటిని ఏ పాళ్లలో కలుపుతామన్నదే ఫోటో తీరును నిర్ణయిస్తుంది. ఎరుపు పొరలో చర్మం నునుపుగా, వెలుతురుగా ఉంటుంది, గోపాలపూర్ సముద్రం మీది నీలాకాశం ముదురుగా దిగుతుంది. నీలం పొరలో చర్మం నల్లబడి, మచ్చలూ ముడతలూ పైకి తేలతాయి. అందుకని చాలా పుస్తకాలు మనుషుల ఫోటోలకు ఎరుపు పొర ఎక్కువ వాడమని సలహా ఇస్తాయి. మన ఇళ్ల ఫోటోలకు ఆ సలహా అలాగే పాటిస్తే ఒక చిక్కు వస్తుంది: కుంకుమ బొట్టు మాయమవుతుంది. ఎరుపు పొరలో కుంకుమా వెలుతురుగానే ఉంటుంది, నుదురూ వెలుతురుగానే ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. ఒకసారి ఒక ముత్తైదువ పటం తయారుచేసి పంపితే, వాళ్ల ఇంటివారు మాట్లాడకుండా వెనక్కి పట్టుకొచ్చారు. నుదుట బొట్టు లేదన్న సంగతి వాళ్లు చూపించేదాకా నేను గమనించలేదు.

ఆకుపచ్చ పొరలో కుంకుమ ముదురుగా, స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల ఆడవారి ఫోటోలకు నేను ఆకుపచ్చ పొరను 60 శాతం దాకా, ఎరుపును 35 శాతం, నీలాన్ని నామమాత్రంగా పెట్టి మొదలుపెడతాను. ముఖం మరీ ముదురుగా వస్తే, బొట్టు ఉన్నచోట మాత్రం ఆకుపచ్చ పొరను ఉంచి, మిగతా ముఖానికి ఎరుపు పెంచుతాను. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించేది కాదు కాబట్టే ఆ రోజుల ఫోటోల్లో బొట్టు గట్టి నలుపుగా ఉంటుంది. మన పెద్దల కంటికి అలవాటైన బొట్టు అదే.

ఇక్కడే ఇంకొక మాట. చామనచాయ ముఖాన్ని తెల్లగా చేయమని అడిగేవారు ఉంటారు. ముఖపు సగటు వెలుతురును పెంచితే చెంప ఎముక మీది మెరుపు, ముక్కు పక్కన నీడ రెండూ కొట్టుకుపోయి మనిషి పోలిక మారుతుంది. సగటును కదపకుండా వెలుగు పడినచోట్లను మాత్రమే కాస్త పైకి తీస్తే, అడిగినవారికి ముఖం కళగా కనిపిస్తుంది, పోలికా నిలుస్తుంది.

పాత ప్రింటు నుంచి కొత్త ప్రింటు

పాత నలుపు తెలుపు ప్రింటును స్కాన్ చేసేటప్పుడు గ్రేస్కేల్‌లో చేయవద్దు, రంగుల్లోనే చేయండి. కాలంతో వచ్చిన పసుపు మరకలు నీలం పొరలో గాఢంగా ఉంటాయి, ఎరుపు పొరలో దాదాపు కనిపించవు. ఎరుపు పొరను మాత్రమే తీసుకుంటే సగం మరకలు చేతి పని లేకుండానే పోతాయి. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులోనూ, 2018లో పర్లాకిమిడి వైపు అతలాకుతలం చేసిన తిత్లీలోనూ తడిసిన ఆల్బముల ఫోటోలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. వాటి మీది గోధుమ రంగు నీటి చారలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను మాత్రం పీకవద్దు. అద్దంతో సహా స్కాన్ చేయండి.

చిన్న ప్రింటును 600 పీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్ల) దగ్గర, 120 ఫిల్ము నెగెటివును 2400 పీపీఐ దగ్గర స్కాన్ చేస్తే చాలు. ఎ4 పరిమాణంలో 300 పీపీఐ ప్రింటుకు 2480 నిలువు వరుసలు, 3508 అడ్డు వరుసలు కావాలి; ఎప్సన్ ప్రింటర్లకు 360 పీపీఐ ఇస్తే గీతలు మరింత శుభ్రంగా వస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు వస్తుంది, అంటే 300 పీపీఐ దగ్గర అయిదంగుళాల పైచిలుకు. అందుకే ఫోటోను డాక్యుమెంటుగా పంపమని ముందే చెప్పాలి. సరిదిద్దే పనంతా 16 బిట్‌లో చేయండి; 8 బిట్‌లో ఉన్న 256 మెట్లను కర్వ్స్‌తో సాగదీస్తే, ఖాళీ గోడ ఉన్నచోట వలయాలు వలయాలుగా చారలు పడతాయి.

టెస్ట్ స్ట్రిప్ అలవాటు

డార్క్‌రూములో పనిచేసినవారికి ఇది చెప్పనవసరం లేదు. అప్పట్లో బ్రోమైడ్ పేపర్ ముక్క మీద అయిదు, పది, పదిహేను, ఇరవై సెకన్ల చొప్పున వెలుగు పడనిచ్చి, ఏ పట్టీ బాగుందో చూసి అసలు కాగితం ముట్టుకునేవాళ్లం. ఇప్పుడూ అదే చేయాలి. ముఖం నుంచి రెండంగుళాల వెడల్పు ముక్కను, తుది ప్రింటులో ఎంత పెద్దదిగా ఉండబోతుందో అంతే పరిమాణంలో కత్తిరించి, వెలుతురులో కొద్దికొద్ది తేడాలతో నాలుగు రూపాలను ఒకే షీటు మీద పక్కపక్కన పెట్టి ప్రింటు తీయండి. ఫోటో మొత్తాన్ని చిన్నది చేసి పరీక్షిస్తే లాభం లేదు. చిన్న ఫోటోలో నీడలు ఎప్పుడూ బాగున్నట్టే ఉంటాయి.

డ్రైవరులో రంగుల నిర్వహణ ఒకచోటే జరగాలి. కాగితపు ఐసీసీ ప్రొఫైల్‌తో, అంటే ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలుతో, ఫోటో సాఫ్ట్‌వేరు రంగులు చూసుకుంటే, డ్రైవరులో ఆ పని ఆపివేయాలి. ఎప్సన్ ఖరీదైన ప్రింటర్లలో ఉండే అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే విధానం వాడితే, సాఫ్ట్‌వేరులో రంగుల బాధ్యత ప్రింటరుకే అప్పగించాలి. రెండుచోట్లా దిద్దుబాటు జరిగితే ప్రింటు గులాబీ రంగులో వస్తుంది, తప్పు సిరాదనుకుని ట్యాంకులు మార్చినవారిని చూశాను.

బూడిద రంగు ఒరిగితే

బూడిద సిరా లేని ప్రింటర్లలో ఛాయ సమస్య తప్పదు. పట్టీ చూసి, ఏ వైపు ఒరిగిందో మొదట తేల్చుకోండి. మన భాషలో ఇక్కడొక తిరకాసు ఉంది: పచ్చగా ఉందన్నవారి ఉద్దేశం పసుపా, ఆకుపచ్చా అన్నది అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. ఆకుపచ్చకు గులాబీని, పసుపుకు నీలాన్ని రెండు మూడు పాయింట్లు పెంచి మళ్లీ పట్టీ తీయాలి. ఒకే ప్రింటు పగటి వెలుతురులో సరిగ్గా ఉండి, ఎల్ఈడీ బల్బు కింద ఆకుపచ్చగా మారడం కూడా జరుగుతుంది. మూడు రంగుల సిరాలతో కలిపిన బూడిద ఒక్కొక్క దీపం కింద ఒక్కొక్కలా కనిపిస్తుంది. అందువల్ల పటం ఎక్కడ పెడతారు, అక్కడ ఏ దీపం ఉందని అడగడం నా అలవాటు. దేవుడి గది పక్కన చిన్న పసుపు బల్బు కింద ఉండే పటానికి, టీవీ ఉన్న హాల్లో తెల్ల ట్యూబ్‌లైటు కింద ఉండే పటానికి ఒకే ప్రింటు నప్పదు.

నా అభిప్రాయం అడిగితే, ఇటువంటి ప్రింటర్లలో పూర్తి తటస్థమైన బూడిద కోసం పట్టుబట్టడం కంటే, ఫోటో మొత్తానికి కావాలనే లేశమాత్రం వెచ్చని గోధుమ ఛాయ ఇవ్వడం మేలు. కొద్దిగా వెచ్చగా ఉన్న ప్రింటు దీపం మారినా సహజంగానే అనిపిస్తుంది. పెళ్లిపుస్తకాల్లో కనిపించే గాఢమైన సీపియా దాకా మాత్రం వెళ్లవద్దు.

తేమ, కరెంటు, నాజిళ్లు

సముద్రం పక్కనున్న బరంపురంలో వానాకాలం కాగితానికి శత్రువు. తేమ పీల్చిన షీటు అంచులు పైకి లేచి, ప్రింటరు హెడ్‌కు రాసుకుని, ఫోటో మధ్యలో నల్ల గీత పడుతుంది. వాడగా మిగిలిన కాగితాన్ని దాని ప్లాస్టిక్ సంచిలోనే మూతి మూసి, సిలికా జెల్ పొట్లాలతో ఇనుప బీరువాలో పెట్టండి. ట్రేలో రాత్రంతా వదలవద్దు. అప్పటికే వంగి ఉన్న మందపాటి కాగితానికి డ్రైవరులో మందం ఎక్కువ అన్న సెట్టింగు ఎంచుకుంటే హెడ్ కాస్త పైకి జరుగుతుంది.

ప్రింటరును ఎప్పుడూ దాని సొంత బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ తీసేసినా, పని మధ్యలో కరెంటు పోయినా, హెడ్ తన మూత కిందికి చేరకుండా బయటే ఉండి, సిరా చిమ్మే నాజిళ్లు ఎండిపోతాయి. ఇంక్‌జెట్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి కంప్యూటరు యూపీఎస్‌కే దాన్నీ కలపవచ్చు. తుఫాను హెచ్చరిక వస్తే నేను మొదట చేసే పని ప్రింటరును బటన్‌తో ఆపి గుడ్డ కప్పడం. వారానికి ఒకసారైనా నాజిల్ చెక్ తీయండి. గీతలు తెగి ఉంటే రెండుసార్లు క్లీనింగ్ చేసి, అప్పటికీ రాకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. వరుసగా పదిసార్లు క్లీనింగ్ చేస్తే సిరా అంతా వ్యర్థపు మెత్తలోకి పోతుంది. అంచులేని ప్రింటు తీసినప్పుడు కూడా కాగితం దాటి చల్లిన సిరా లోపలి మెత్తల్లోకే చేరుతుంది. పటం కట్టే ఫోటోకు చుట్టూ తెల్ల అంచు వదలడమే శ్రేయస్కరం.

ఆరబెట్టి, పటం కట్టడం

ప్రింటు చేతికి అంటుకోనంత మాత్రాన ఆరినట్టు కాదు. సిరాలోని ద్రవాలు కాగితం లోపలి నుంచి గంటల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. మామూలు తెల్ల కాగితం పైన కప్పి, ఒక రోజంతా ఉంచండి. వానాకాలంలో రెండు రోజులు. తొందరపడి అద్దం బిగిస్తే, వారం తిరగకముందే అద్దం లోపలి వైపు పొగ పట్టినట్టు మసక కమ్ముతుంది. అద్దానికీ ప్రింటుకూ మధ్య అట్ట మౌంటు తప్పనిసరిగా పెట్టమని పటాలు కట్టే దుకాణంలో చెప్పాలి, ఎందుకంటే మన తేమలో అద్దానికి నేరుగా ఆనిన ప్రింటు దానికే అతుక్కుపోతుంది. డై సిరాతో తీసిన ప్రింటు ఎండకూ గాలిలోని ఓజోనుకూ వెలిసిపోతుంది కాబట్టి దానికి అద్దం రక్షణ మరీ అవసరం. అగరుబత్తి పొగ, దీపపు మసి, తడి దండ ఇవన్నీ పటానికి రోజూ తగిలేవే.

అద్దం బిగించే ముందు ప్రింటు వెనుక అంచున మెత్తటి పెన్సిలుతో కాగితం పేరు, డ్రైవరు సెట్టింగు, తేదీ రాయండి. రేపు అన్నదమ్ముల్లో రెండోవారు తమ ఇంటికీ అటువంటిదే కావాలని వస్తారు, మళ్లీ పట్టీలు తీసే పని తప్పుతుంది. దాని కిందే ఫోటోలోని మనిషి పేరు, ఊరు, ఇంటిపేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాను. మా వీధి పిల్లల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నా, చదవగలిగేది ఒడియా లిపే.